డిస్క్ ఆపరేషన్ తర్వాత నొప్పి తిరిగొస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఫిజియోథెరపిస్టుని. నడుము డిస్క్, అంటే పూసల మధ్య ఉండే మెత్తటి దిండు, జారి ఆపరేషన్ చేయించుకుని వచ్చిన వాళ్ళతోనే నా రోజులో సగం గడుస్తుంది. మా అక్కకి కూడా ఎల్5-ఎస్1 దగ్గర, అంటే నడుములో అన్నిటికన్నా కింది డిస్క్ దగ్గర, రెండుసార్లు ఆపరేషన్ అయింది. అందుకే ఈ ప్రశ్నలు నాకు క్లినిక్‌లోనూ వినిపిస్తాయి, ఇంట్లోనూ వినిపించాయి.

"ఆపరేషన్ అయినా నొప్పి మళ్ళీ వచ్చిందండీ" అని అందరూ ఒకే మాట అంటారు. దాని వెనక ఉండే కారణాలు మాత్రం వేరువేరు. నొప్పి ఎప్పుడు మొదలైంది, నడుములోనా కాలిలోనా, మధ్యలో ఎన్నాళ్ళు హాయిగా ఉన్నారు? ఈ మూడూ తేలకుండా రెండో ఆపరేషన్‌కి సరే అనకండి, ససేమిరా అని కూడా అనకండి. మీకు ఏ ప్రశ్న కావాలో నేరుగా దానికే వెళ్ళండి.

## మొదటి కొద్ది రోజులు

కాలి నొప్పి పోయింది కానీ తిమ్మిరి అలాగే ఉంది. ఆపరేషన్ ఫెయిలైనట్టేనా?

కాదు. నరం మీద ఒత్తిడి తీసేయగానే ముందు తగ్గేది కాలు లాగడం, మంట. తర్వాత బలం వస్తుంది. తిమ్మిరి అన్నిటికన్నా ఆలస్యంగా పోతుంది. దెబ్బతిన్న నరం పోగు రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. నడుము నుంచి బొటనవేలి దాకా ఎంత దూరమో చూసుకోండి, నెలలు ఎందుకు పడతాయో తెలుస్తుంది. ఆపరేషన్‌కి ముందు చాలాకాలం నరం నలిగిపోయి ఉంటే కొంత మొద్దుబారడం ఎప్పటికీ మిగిలిపోవచ్చు. మా అక్కకి ఎడమ చిటికెన వేలి పక్కన ఇప్పటికీ స్పర్శ తక్కువే.

ఆపరేషన్‌కి ముందు పాదం బాగానే లేచేది. ఇప్పుడు లేవట్లేదు. ఎన్ని రోజులు చూడాలి?

రోజులు కాదు, గంటలు కూడా చూడొద్దు. వెంటనే నర్సుకి చెప్పి, డ్యూటీ డాక్టర్ వచ్చి చూసేదాకా పట్టుబట్టండి. కొత్తగా బలహీనత వచ్చిందంటే ఆపరేషన్ చేసిన చోట రక్తం గడ్డకట్టి నరాన్ని నొక్కుతూ ఉండొచ్చు. అలాంటప్పుడు అత్యవసరంగా ఎమ్మారై తీసి, అవసరమైతే అదే రోజు గడ్డ తీసేస్తారు. ఆపరేషన్ చేసేటప్పుడు నరాన్ని పక్కకి జరపడం వల్ల కూడా కొన్నాళ్ళు పాదం బలహీనపడొచ్చు. అది చాలామందిలో నెమ్మదిగా కోలుకుంటుంది. ఈ రెండిట్లో ఏదన్నది డాక్టరే తేల్చాలి.

లేచి కూర్చుంటే తల పగిలిపోతోంది, పడుకుంటే తగ్గుతోంది. మత్తు ఇంజెక్షన్ వల్లేనా?

నడుముకి మత్తు ఇచ్చి ఉంటే దాని వల్ల కావచ్చు. నరాలని కప్పి ఉంచే పొరకి చిన్న చిరుగు పడి, లోపలి నీరు కారుతున్నా ఇలాగే ఉంటుంది. ఆ పొర చిరగడం డిస్క్ ఆపరేషన్లలో తెలిసిన ఇబ్బందే. సర్జన్ అప్పుడే గమనిస్తే కుట్టేసి, ఒకటి రెండు రోజులు పడుకోమంటారు. చాలామందికి ఆ తర్వాత ఏ నష్టమూ ఉండదు. డ్రెస్సింగ్ నీళ్ళలాంటి ద్రవంతో తడుస్తూ ఉన్నా, మెడ బిగుసుకున్నా, జ్వరం వచ్చినా ఆసుపత్రికి వెంటనే చెప్పాలి. నీరు కారే దారిలోనే సూక్ష్మజీవులు లోపలికి వెళ్ళి మెనింజైటిస్, అంటే మెదడుని, వెన్నుపాముని కప్పే పొరల ఇన్‌ఫెక్షన్, తెచ్చే ప్రమాదం ఉంది.

మూత్రం రావట్లేదు. ఆపరేషన్ తర్వాత ఇది మామూలేనా?

మత్తు దిగేదాకా కొన్ని గంటలు మూత్రం ఆగిపోవడం చాలామందికి జరుగుతుంది, గొట్టం వేస్తే సర్దుకుంటుంది. కానీ దానితో పాటు మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు, అంటే సైకిల్ సీటు తగిలే చోట స్పర్శ లేకపోతే అది వేరే సంగతి. విరేచనం మీద అదుపు తప్పినా, రెండు కాళ్ళూ బలహీనపడినా అంతే. నడుము కింది నరాల గుత్తి మొత్తం నలిగిపోతోందని అర్థం. దీన్ని కాడా ఈక్వైనా అంటారు. రాత్రి 2 గంటలైనా సరే అప్పుడే ఎమ్మారై, అప్పుడే సర్జన్. మొదటి రోజైనా, ఏడాది తర్వాతైనా ఈ లక్షణాలు కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. ఆడవాళ్ళు ఆ చోటు గురించి చెప్పడానికి సిగ్గుపడి ఊరుకోవడం నేను చూశాను. దయచేసి అలా ఊరుకోకండి.

## మొదటి ఆరు వారాలు

కుట్ల దగ్గర ఎర్రగా ఉంది, కొంచెం తడి కూడా. పసుపు పెట్టొచ్చా?

పెట్టొద్దు. పసుపు, కొబ్బరినూనె, పౌడరు, ఏదీ వద్దు. ఎర్రదనం పెరుగుతున్నా, చీము కారుతున్నా, ముట్టుకుంటే వేడిగా ఉన్నా ఆపరేషన్ చేసిన చోటికే వెళ్ళి చూపించండి. పై చర్మంలోనే ఉన్న ఇన్‌ఫెక్షన్ మందులతో, డ్రెస్సింగ్‌తో తగ్గుతుంది. షుగర్ ఉన్నవాళ్ళు ఈ వారాల్లో రోజూ చూసుకోవాలి, అది అదుపు తప్పితే గాయం మానదు.

పది రోజులు చక్కగా నడిచాను. ఇప్పుడు మంచం మీద పక్కకి తిరగాలన్నా ప్రాణం పోతోంది. కుట్లు మాత్రం బాగానే ఉన్నాయి. ఏమిటిది?

ఈ ప్రశ్న వింటే నాకు భయం వేస్తుంది, ఎందుకంటే చాలామంది దీన్ని కండరాల పట్టు అనుకుని వేడినీళ్ళ కాపడం పెట్టుకుంటూ కూర్చుంటారు. ఆపరేషన్ తర్వాత సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాల మధ్య, బాగున్న నడుములో ఉన్నట్టుండి భరించలేని నొప్పి మొదలైతే ముందుగా అనుమానించాల్సింది డిస్క్ లోపల ఇన్‌ఫెక్షన్. డాక్టర్లు డిస్కైటిస్ అంటారు. పైన గాయం శుభ్రంగా మానిపోయి ఉండొచ్చు. జ్వరం కూడా ఉండకపోవచ్చు. నొప్పి కాలిలో కన్నా నడుములో ఎక్కువ. ఎవరైనా మంచానికి తగిలితే చాలు, కేక వేస్తారు.

ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఉన్నాయేమో సూచించే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు చేయించాలి. మామూలుగా సీఆర్‌పీ ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులకి బాగా పెరిగి, రెండు వారాలకల్లా దాదాపు మామూలు స్థాయికి దిగుతుంది. దిగాల్సిన సమయంలో పెరుగుతూ ఉంటే అది గట్టి సూచన. ఈఎస్‌ఆర్ దిగడానికి ఆరు వారాల దాకా పట్టొచ్చు కాబట్టి అదొక్కటే చూసి తేల్చలేం. తర్వాత కాంట్రాస్ట్ ఎమ్మారై, అంటే సిరలోకి మందు ఎక్కించి తీసే స్కాన్, తీస్తారు. చాలాసార్లు సూదితో ముక్క తీసి, ఏ క్రిమో తెలుసుకోవడానికి దాన్ని ల్యాబ్‌లో పెంచి చూస్తారు, దీన్నే కల్చర్ అంటారు. ఎక్కువగా కనిపించేది స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా. చికిత్స అంటే వారాల తరబడి యాంటీబయాటిక్స్, చాలామందికి ఆరు వారాలో ఇంకా ఎక్కువో. చీము గడ్డ కట్టినా, నరం నలుగుతున్నా, ఎముక దెబ్బతింటున్నా మళ్ళీ ఆపరేషన్ చేసి శుభ్రం చేస్తారు.

ఇంట్లో పాత యాంటీబయాటిక్ స్ట్రిప్ ఉంది కదా అని రెండు బిళ్ళలు వేసుకోకండి. ఆ తర్వాత కల్చర్‌లో క్రిమి దొరకదు, ఏ మందు పనిచేస్తుందో డాక్టర్‌కి తెలియదు.

మూడో వారంలో కాలు మళ్ళీ కొంచెం లాగుతోంది. డిస్క్ మళ్ళీ జారిందా?

చాలాసార్లు కాదు. నరం ఇంకా వాచి ఉంటుంది, మీరేమో బాగుంది కదా అని నడక పెంచి ఉంటారు, ప్రయాణం చేసి ఉంటారు. అలా వచ్చే నొప్పి మునుపటికన్నా తక్కువగా ఉంటుంది, రెండు రోజులు తగ్గించి నడిస్తే దిగుతుంది. ఆపరేషన్‌కి ముందున్నంత తీవ్రంగా, అదే దారిలో కాలి కింది దాకా పాకితే, రోజురోజుకీ పెరుగుతుంటే, పాదంలో బలం తగ్గితే చూపించుకోవాలి.

పిక్క ఒకటే వాచింది, గట్టిగా ఉంది. ఇది కూడా నరమేనా?

కాలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అసలు నొక్కించుకోవద్దు, మసాజ్ వద్దు. అదే రోజు డాప్లర్ స్కాన్, అంటే రక్తనాళాల్లో రక్తం పారే తీరు చూసే అల్ట్రాసౌండ్, చేయించాలి. ఆయాసం, ఛాతీలో నొప్పి ఉంటే అంబులెన్స్ పిలవండి.

కింద కూర్చుని తినొచ్చా? ఇండియన్ టాయిలెట్, స్కూటర్, గ్యాస్ బండ సంగతేంటి?

సర్జన్ చెప్పిందే మీకు ప్రమాణం. నేను సాధారణంగా చెప్పేది ఇది: నడక మొదటి రోజు నుంచీ మంచిదే, నెలల తరబడి మంచం మీద ఉండక్కర్లేదు. మొదటి ఆరు వారాలు నేల మీద కూర్చోవడం, గొంతుకూర్చోవడం వద్దు. ఇంట్లో ఇండియన్ టాయిలెట్ మాత్రమే ఉంటే దాని మీద పెట్టే కమోడ్ కుర్చీ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. టూవీలర్, గతుకుల రోడ్డు మీద ఆటో కూడా కొన్ని వారాలు ఆగాలి. 14.2 కిలోల గ్యాస్ బండ, లోపలి గ్యాస్‌తో పాటు ఇనుము బరువు కూడా కలిపితే దాదాపు 30 కిలోలు. దాన్ని ఎత్తడం కాదు, వంగి దొర్లించడం కూడా వద్దు. ముందుకి వంగి, నడుము తిప్పి, బరువు లేపడం అనే మూడూ ఒకేసారి జరిగే పని డిస్క్‌కి అన్నిటికన్నా కష్టం. బకెట్లోంచి తడిబట్టలు తీసి ఆరేయడం సరిగ్గా అలాంటి పని. మా అక్కకి రెండోసారి నొప్పి మొదలైంది అక్కడే.

## నెలల తర్వాత, ఏళ్ళ తర్వాత

డిస్క్ తీసేశారు కదా, లేని డిస్క్ మళ్ళీ ఎలా జారుతుంది?

మొత్తం తీయరు. డిస్క్‌ని ముంజకాయలా ఊహించుకోండి, బయట గట్టి పీచు, లోపల మెత్తటి గుజ్జు. పీచు చిరిగి, బయటికొచ్చి నరాన్ని నొక్కుతున్న ముక్కని, చుట్టూ వదులుగా ఉన్నదాన్ని మాత్రమే తీస్తారు. 1977లో యాసర్గిల్, కాస్పర్ అనే సర్జన్లు మైక్రోస్కోపుతో చేసే పద్ధతిని వెలుగులోకి తెచ్చినప్పటి నుంచి చిన్న కోతతో, తక్కువ తీయడం మామూలైంది. మిగిలిన గుజ్జు లోపలే ఉంటుంది, పీచు మీది చిరుగు మునుపటంత గట్టిగా మానదు. ఆ దారిలోంచే మళ్ళీ ముక్క బయటికి రావచ్చు. చిరుగు వెడల్పుగా ఉన్నవాళ్ళకి ఈ ప్రమాదం ఎక్కువ. లోపలున్నదంతా గీకి తీసేస్తే మళ్ళీ జారడం తగ్గొచ్చు గానీ, తర్వాత నడుము నొప్పి ఎక్కువవుతుందని అనుభవంలో తేలింది.

ఇలా ఎంతమందికి జరుగుతుంది? నాకే ఎందుకు?

వేర్వేరు అధ్యయనాల్లో వందకి సుమారు 5 నుంచి 15 మందికి అదే చోట డిస్క్ మళ్ళీ జారినట్టు తేలింది. అమెరికాలో జరిగిన స్పోర్ట్ అనే పెద్ద అధ్యయనంలో, ఆపరేషన్ అయిన వాళ్ళని 8 ఏళ్ళు గమనిస్తే సుమారు 15 శాతం మందికి మరో ఆపరేషన్ అవసరమైంది. అందులో సగానికి పైగా కారణం మళ్ళీ జారడమే. పొగతాగడం, షుగర్, అధిక బరువు ఉన్నవాళ్ళలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. వీటిలో మీరు ఈ రోజే మార్చగలిగేది సిగరెట్. ఏ తప్పూ చేయకుండా, అన్ని జాగ్రత్తలూ పాటించినా మళ్ళీ జారిన వాళ్ళూ ఉన్నారు. "నువ్వే ఏదో ఎత్తి ఉంటావు" అని ఇంట్లో వాళ్ళు పదేపదే అనడం ఆపితే రోగికి సగం టెన్షన్ తగ్గుతుంది.

మళ్ళీ జారిందని ఇంట్లోనే ఎలా అనుమానించొచ్చు?

కొన్ని వారాలో నెలలో కాలి నొప్పి బాగా తగ్గి, తర్వాత ఉన్నట్టుండి అదే కాలిలో అదే దారిలో వచ్చిందంటే అనుమానించాలి. మా అక్క ఏడు నెలలు హాయిగా తిరిగింది. తర్వాత తొమ్మిది రోజులు నొప్పి దాచిపెట్టింది. ఓ సాయంత్రం వంటింట్లో గట్టు పట్టుకుని నిలబడి కూర కలుపుతుంటే, బరువంతా కుడికాలి మీద వేసిందని గమనించాను. ఒక్కో కాలి మీద నిలబడి మడమ లేపమన్నాను. కుడి మడమ ఇట్టే లేచింది. ఎడమది గట్టు మీద చేతులు బిగించి నొక్కినా నేల వదల్లేదు. పిక్క కండరాన్ని నడిపే ఎస్1 నరం నలిగితే అలా అవుతుంది. ఎల్5 నరమైతే మడమల మీద నడవలేరు, బొటనవేలు పైకి లేవదు, నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియదు. ఇలా బలం తగ్గితే రోజులు గడపకుండా సర్జన్‌ని కలవండి.

పోయిన నెల ఎమ్మారై ఉంది. మళ్ళీ కాంట్రాస్ట్‌తో తీయాలంటున్నారు. డబ్బు కోసమేనా?

ఆపరేషన్ అయిన చోట అది అవసరమే. మామూలు ఎమ్మారైలో కొత్తగా జారిన ముక్క, గాయం మానాక పెరిగిన మచ్చ కండ కొన్నిసార్లు ఒకేలా కనిపిస్తాయి. గాడోలినియం మందు ఎక్కించి తీస్తే, రక్తం పారే మచ్చ కండ మొత్తం మెరుస్తుంది. డిస్క్ ముక్క అంచు మాత్రమే మెరిసి, మధ్యలో నల్లగా ఉంటుంది. ఆపరేషన్ చేయాలా వద్దా అన్నది చాలావరకు ఈ తేడా మీదే ఆధారపడుతుంది. కిడ్నీ సమస్య ఉంటే ముందే చెప్పి, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు చూపించండి. ఆపరేషన్ అయిన మొదటి కొన్ని వారాల్లో తీసిన ఎమ్మారైలో వాపు వల్ల డిస్క్ ఇంకా అలాగే ఉన్నట్టు కనిపించొచ్చు, రిపోర్టు చదివి కంగారు పడకండి.

మచ్చ కండ నరానికి అంటుకుందన్నారు. దాన్ని తీసేస్తే సరిపోదా?

అదొక్కటే కారణమైతే సాధారణంగా తీయరు. తీస్తే ఆ గాయం మానుతూ మళ్ళీ మచ్చే వస్తుంది. మచ్చ ప్రతి ఒక్కరికీ వస్తుంది, చాలామందికి ఏ బాధా ఉండదు. మంటలు, సూదులు గుచ్చినట్టు ఉండే నొప్పికి ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ లాంటి నరాల మందులు, నరం దగ్గర ఇంజెక్షన్, వ్యాయామం ప్రయత్నిస్తారు. ఆ మందులు మగత తెస్తాయి, డాక్టర్‌ని అడక్కుండా ఒక్కసారిగా ఆపకూడదు.

నాకు అసలు ఒక్కరోజు కూడా నొప్పి తగ్గలేదు. మరి నాదేమిటి?

కాలి నొప్పి మొదటి రోజు నుంచీ ఏమాత్రం తగ్గకపోతే మళ్ళీ జారడం కన్నా ముందు వేరే ప్రశ్నలు అడగాలి. ముక్క ఏదైనా లోపల మిగిలిపోయిందా? నరం బయటికొచ్చే సందు ఇరుకుగా ఉందా? ఆపరేషన్ సరైన పూస దగ్గరే జరిగిందా? అసలు నొప్పి తుంటి కీలు నుంచో, నడుము కింద వెన్నెముక కటి ఎముకతో కలిసే సాక్రోఇలియాక్ కీలు నుంచో వస్తోందా? ఆపరేషన్ నోట్సు, ముందు తీసిన ఎమ్మారై, కొత్త ఎమ్మారై మూడూ పక్కపక్కన పెట్టి చూసే డాక్టర్ కావాలి. నొప్పి కాలిలో పోయి నడుములోనే మిగిలితే అది వేరు. డిస్క్ ముక్క తీసే ఆపరేషన్ చేసేది ప్రధానంగా కాలి నొప్పి కోసం. ఈ మాట ఆపరేషన్‌కి ముందే రోగికి గట్టిగా చెప్పాలని నా అభిప్రాయం.

## రెండో ఆపరేషన్ మాట వచ్చినప్పుడు

మళ్ళీ జారిందంటే మళ్ళీ కోయాల్సిందేనా?

అక్కర్లేదు. బలం తగ్గకుండా, మూత్ర విరేచనాలు బాగుంటే, మొదటిసారి లాగే మందులు, ఇంజెక్షన్, నడక, ఓపికతో తగ్గేవాళ్ళు ఉన్నారు. జారిన ముక్కని శరీరమే నెమ్మదిగా కరిగించుకోగలదు. సాధారణంగా ఆరు వారాలు చూస్తారు. కాడా ఈక్వైనా లక్షణాలుంటే ఆగే ప్రశ్నే లేదు. బలహీనత పెరుగుతున్నా, నిద్రలేని నొప్పి దేనికీ లొంగకపోయినా ఆపరేషన్ న్యాయమైన దారే. కాంట్రాస్ట్ ఎమ్మారైలో ముక్క స్పష్టంగా కనిపించి, అది నొక్కే నరమూ మీ కాలి లక్షణాలూ సరిపోలితే రెండోసారి ఫలితాలు మొదటిసారికి దగ్గరగానే ఉంటాయి.

ఈసారి రాడ్లు, స్క్రూలు వేయాలంటున్నారు. అందరికీ వేస్తారా?

అందరికీ వేయరు. మొదటిసారి మళ్ళీ జారి, బాధ కాలిలోనే ఉండి, పూసలు కదలకుండా ఉంటే ముక్క మాత్రమే తీయడం చాలాచోట్ల చేసే పని. పూస ముందుకి జారినా, వంగినప్పుడు తీసిన ఎక్స్‌రేలో పూసలు అటూఇటూ కదులుతున్నా, అదే చోట రెండు మూడుసార్లు జారినా, నరాన్ని చేరుకోవడానికి ఎముక ఎక్కువ తీయాల్సి వచ్చినా పూసలు కలిపే ఫ్యూజన్ అవసరమవుతుంది. ఫ్యూజన్ పెద్ద ఆపరేషన్, ఖర్చు ఎక్కువ, కోలుకోవడానికి నెలలు పడుతుంది. కలిపేసిన చోట కదలిక పోతుంది కాబట్టి పై పూస మీద భారం పెరిగి, కొన్నేళ్ళకి అక్కడ అరుగుదల రావచ్చు. "నా ఎక్స్‌రేలో కదలిక ఉందా? నాకు ఫ్యూజన్ ఎందుకు?" అని అడగండి. మంచి సర్జన్ కంప్యూటర్ తిప్పి చూపిస్తారు.

రెండోసారి ప్రమాదం ఎక్కువా?

కొంత ఎక్కువే. మొదటిసారి పొరలు పొరలుగా విడివడే కండరం, కొవ్వు ఇప్పుడు మచ్చ కండతో అతుక్కుని ఉంటాయి. నరం ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్ళాలి, అందుకే నరం పొర చిరిగే అవకాశం పెరుగుతుంది. మా అక్కకి రెండోసారి అదే జరిగింది. సర్జన్ అక్కడే కుట్టి, రెండు రోజులు వెల్లకిలా పడుకోబెట్టారు, బయటికొచ్చి మాకు ఆ మాట తనే చెప్పారు. అలా చెప్పడం వల్లే మాకు ధైర్యం వచ్చింది. ఇన్‌ఫెక్షన్, నరం దెబ్బతినడం కూడా కొద్దిగా పెరుగుతాయి. డిస్క్ ముందున్న పెద్ద రక్తనాళానికి గాయం కావడం మొదటిసారైనా రెండోసారైనా చాలా అరుదు, జరిగితే మాత్రం ప్రాణం మీదికొస్తుంది.

మొదట చేసిన డాక్టర్ దగ్గరికే వెళ్ళాలా? వేరేచోటికి వెళ్తే ఆయన ఏమనుకుంటారో.

ముందు ఆయనకే చూపించండి, లోపల ఏం చూశారో ఆయనకే బాగా తెలుసు. ఆ తర్వాత రెండో అభిప్రాయం తీసుకోవడం మీ హక్కు, ఇందులో మొహమాటం వద్దు. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే చాలదు, ఆపరేషన్ నోట్సు కాపీ అడగండి. ఎమ్మారై ఫిల్ములతో పాటు సీడీ కూడా తీసుకెళ్ళండి. హైదరాబాద్ నిమ్స్, విశాఖ కేజీహెచ్, తిరుపతి స్విమ్స్ లాంటి చోట్ల న్యూరోసర్జరీ విభాగాలున్నాయి.

ఆరోగ్యశ్రీలో రెండో ఆపరేషన్ అవుతుందా?

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీకి గానీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవకి గానీ, ముందుగా ఆసుపత్రే కాగితాలు పంపి అనుమతి తెచ్చుకోవాలి. నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ ఉంటుంది. పాత డిశ్చార్జి సమ్మరీ, కొత్త ఎమ్మారై అక్కడ చూపించి, మీకు చేయబోయే ఆపరేషన్ పేరు రాయించుకుని, అది ప్యాకేజీలో ఉందో లేదో అడ్మిట్ కాకముందే తేల్చుకోండి.

ఈలోగా పసరు కట్టు, మసాజ్, పిల్లలతో నడుము తొక్కించుకోవడం?

ఆపరేషన్ అయిన నడుముని ఎవరితోనూ తొక్కించుకోకండి, విరిపించుకోకండి. లోపల వదులుగా ఉన్న ముక్క ఇంకా బయటికి రావచ్చు. స్పర్శ తగ్గిన కాలికి వేడినీళ్ళ సంచీ పెట్టుకుని బొబ్బలెక్కించుకున్న వాళ్ళని చూశాను, తిమ్మిరి ఉన్న చోట వేడి తెలియదు. పైపైన నూనె రాసుకోవడం వల్ల నష్టం లేదు, కుట్లు పూర్తిగా మానాక.

రెండూ అయిపోయాయి, నొప్పి మిగిలింది. మూడోది చేయించుకోనా?

తీయడానికి స్పష్టమైన ముక్క, కదిలే పూస, ఊడిన స్క్రూ, ఇన్‌ఫెక్షన్ లాంటి కారణం కనిపిస్తేనే. కారణం దొరక్కుండా "ఒకసారి తెరిచి చూద్దాం" అని చేసిన ఆపరేషన్లలో ఫలితం తక్కువ, ప్రతిసారికీ ఇంకా తగ్గుతుంది. ఇలా మిగిలిపోయే నొప్పిని చాలాకాలం ఫెయిల్డ్ బ్యాక్ అన్నారు. ఇప్పుడు పర్సిస్టెంట్ స్పైనల్ పెయిన్ సిండ్రోమ్ టైప్ 2 అంటున్నారు. పేరు మారడం నాకు నచ్చింది, రోగి నడుముని ఫెయిల్ అని పిలవడం తప్పు. ఇక్కడ పెయిన్ క్లినిక్ డాక్టర్, ఫిజియో, అవసరమైతే మానసిక వైద్యులు కలిసి పనిచేయాలి. ఎంపిక చేసిన కొందరికి వెన్నులో చిన్న తీగ పెట్టి విద్యుత్తుతో నొప్పిని తగ్గించే స్టిమ్యులేటర్ ఉంది. పరికరం ఖరీదైనది, శాశ్వతంగా పెట్టే ముందు కొన్ని రోజులు తాత్కాలికంగా పెట్టి చూస్తారు. నా దగ్గరికి వచ్చే వాళ్ళతో నొప్పి ఎంత ఉందని కాకుండా, పోయిన వారం ఎంత దూరం నడిచారు, ఈ వారం ఎంత నడిచారు అని నోటుబుక్కులో రాయిస్తాను. వీధి చివరి పాలబూత్ దాకా వెళ్ళలేని మనిషి మూడు నెలలకి రైతుబజారుకి వెళ్ళి, అరకిలో బెండకాయలు కొని తెచ్చుకున్నానని ఆ పుస్తకంలో రాసుకుని వచ్చారు.